ఏ చేత్తో కొడతాడని అడిగిన మనిషి

మంగళవారం ఉదయం ఐదున్నరకి మా కరాటే మాస్టారి భార్య పిన్ని ఫోన్ చేసింది.

"మీ మాస్టారు ఎల్లిపోనారమ్మా. మొహం కడుక్కొచ్చి కుర్చీలో కూకున్నారు, అంతే. నువ్వు ముందు షెడ్డుకి ఎల్లు. పిల్లలు వచ్చేసుంతారు. క్లాసయ్యాక ఇంటికి రా."

నేనేదో అనబోయాను. "క్లాసు ఆపితే ఆయనకి పడదు," అని ఫోన్ పెట్టేసింది.

వెళ్ళాను. ముప్ఫై మంది పిల్లలు వరసకట్టి నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఏమీ చెప్పకుండా గంటసేపు గుద్దులూ తన్నులూ చేయించాను. ఆ గంటలో రెండుసార్లు లెక్క తప్పాను. ఎప్పుడూ తప్పని దాన్ని కావడంతో, పెద్ద పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివర్లో కూర్చోబెట్టి, "సర్‌జీ నహీఁ రహే," అన్నాను, మాస్టారు ఇక లేరని. ఒక పిల్ల మాత్రం అడిగింది, "తో ఫిర్ క్లాస్ క్యోఁ కియా, దీదీ?" అని, మరి క్లాసెందుకు చేయించావని. దానికి చెప్పే జవాబు ఆయన దగ్గరే ఉండేది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాస్టారు రాయపూర్‌లో వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. పుట్టింది రంగూన్‌లో. తాత పలాస వైపు నుంచి ఓడెక్కి కూలికి పోయినవాడు. రంగూన్ రేవులో మూటలు మోసే కుర్రాళ్ళ మధ్య పందేల కొట్లాట ఒకటి ఉండేదట. చేతులకి గుడ్డ పీలికలు చుట్టుకుని, ఒకడు పడిపోయేదాకా కొట్టుకోవాలి. తలతో కూడా పొడవచ్చు. పదహారో ఏటి నుంచి మాస్టారు అందులో దిగారు. ముక్కు మూడుసార్లు విరిగింది. "నాలుగోసారి విరగడానికి ఎముక మిగల్లేదు," అనేవారు. ఒకసారి ఎదుటివాడి కన్ను పోయింది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ఎవరి మొహమూ చూసేవారు కాదు.

బర్మా నుంచి మనవాళ్ళని పంపించేసినప్పుడు ఆయనా ఓడలో విశాఖపట్నం వచ్చి దిగారు. చుట్టం ఒకాయన రాయపూర్ రైల్వేలో ఉంటే ఇక్కడికొచ్చి కలాసీగా, కింది పనివాడుగా చేరారు. కరాటే మాత్రం కలకత్తాలో నేర్చుకున్నారు. వారాంతపు సెలవుకి ముందురోజు డ్యూటీ దిగి హౌరా మెయిలెక్కడం, అక్కడ గురువు దగ్గర ఒక్కపూట దెబ్బలు తినడం, మళ్ళీ రైలెక్కి డ్యూటీ వేళకి వచ్చి సుత్తి పట్టుకోవడం. ఆరేళ్ళు అలా తిరిగారు. తర్వాత రైల్వే కాలనీ వెనక పాడుబడ్డ రేకుల షెడ్డు అడిగి తీసుకుని, తేళ్ళని ఏరిపారేసి క్లాసు పెట్టారు.

నేను ఆ షెడ్డుకి వెళ్ళేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. విజయనగరం నుంచి కాపరానికి వచ్చి మూడేళ్ళయింది. మా ఆయన రైల్వేలో గుమాస్తా. కొట్టడానికి ఆయనకి కారణం అక్కర్లేదు. తలుపు ఆలస్యంగా తీసినా కొట్టేవాడు, తొందరగా తీసినా "ఎవరి కోసం చూస్తున్నావ్" అని కొట్టేవాడు. మొదటి ఏడు చేతితో, రెండో ఏడు బెల్టుతో, మూడో ఏడు ఏది దొరికితే దానితో. ఆ రోజు పచ్చడిబండతో కొడితే కుడి దవడ వాచిపోయింది. ఒక పన్ను కదులుతోంది. పాలకోసం బయటికొచ్చిన దాన్ని, అరుపులు వినబడి షెడ్డు గుమ్మంలో ఆగిపోయాను. లోపల పిల్లలు ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నారు. ఎవరూ ఏడవడం లేదు. అది నాకు వింతగా తోచింది.

మాస్టారు నా దగ్గరికి వచ్చి దవడ చూశారు. ఎవరు కొట్టారని అడగలేదు. అయ్యో అనలేదు.

"ఏ చేత్తో కొడతాడమ్మా?" అన్నారు.

"ఎడమ," అన్నాను. అప్పటిదాకా ఆ సంగతి నాకే తెలిసినట్టు లేదు.

"కొట్టేముందు ఏ భుజం కదుల్తాది?"

"కళ్ళు మూసేసుకుంటాను," అన్నాను.

"దెబ్బకి కళ్ళు మూసుకుంటే రెండో దెబ్బ చీకట్లో తగుల్తాది. రేపట్నించి రా. ముందు కళ్ళు తెరిచి తినడం నేర్చుకో."

నిజంగానే నేర్పారు. మొదటి రెండు నెలలూ నేను ఎవరినీ కొట్టలేదు. వరసలో నిల్చుంటే పిల్లలు వచ్చి కొట్టి వెళ్ళేవారు, నేను రెప్ప వెయ్యకుండా వాళ్ళ భుజాలు చూడాలి. రెప్ప పడితే మళ్ళీ మొదటినుంచి. మాస్టారి క్లాసు మెత్తనిది కాదు. పెదాలు చిట్లేవి, ముంజేతులు నల్లబడేవి. షెడ్డు నేల మీద నెత్తురు పడితే ఎవరిది పడిందో వాళ్ళే తుడవాలి. కానీ క్లాసు మొదలయ్యే ముందు ఒక్కొక్కళ్ళ చేతులూ పట్టుకుని గోళ్ళు చూసి, పెరిగినవి తనే కత్తిరించేవారు. ఇంకొకటి. ఆయనకి కోపం వస్తే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని నేలమీద కూర్చునేవారు. కోపం పోయేదాకా లేచేవారు కాదు. అదేదో కరాటేలో భాగం అనుకునేవాళ్ళం.

మా ఆడపిల్లల జట్టుకి నేర్పేది మాస్టారి భార్య. తెలుగువాళ్ళం పిన్నీ అనేవాళ్ళం, మిగతావాళ్ళు దీదీ. పండరీ బట్టల బజారు నుంచి మందపాటి తెల్లగుడ్డ తెచ్చి అందరికీ డ్రెస్సులు తనే కుట్టేది. మనిషి సన్నం. తన్నితే మాత్రం ఇసకబస్తా గుండ్రంగా తిరిగేది. ఆమెకి ఎడమ చెవి వినబడదు. మాస్టారు ఎక్కడున్నా ఆమెకి కుడిపక్కనే కూర్చునేవారు.

ఒక సాయంత్రం డ్రెస్సులు ఉతుకుతూ నేను అడిగాను, "చెవికి ఏమైంది పిన్నీ?" అని.

"ఆయన కొట్టీసినారు," అంది, సబ్బు పెడుతూనే. "పెళ్ళయిన మూడో ఏడు. ఒక్క దెబ్బ. మూడ్రోజులు నెత్తురు కారింది. తర్వాత ఏటీ వినపళ్ళేదు."

వారం రోజులు క్లాసుకి వెళ్ళలేదు. ఎనిమిదో రోజు వెళ్ళింది మాత్రం ఆయన్ని నిలదియ్యడానికే. పిల్లలు ఇంకా రాలేదు. ఆయన కొబ్బరితాడు చుట్టిన దిమ్మని సరిచేస్తున్నారు.

"పిన్ని చెవి మీరే తీశారా?"

"నేనే."

"అయితే మీకూ మా ఆయనకీ తేడా ఏంటి?"

ఆయన తాడు ఇంకో చుట్టు బిగించారు. "ఆ రోజుకి ఏటీ లేదు," అన్నారు. "అది పెట్టె సర్దుకుని స్టేషనుకి పోయింది. నేను ఎనకాల పోయి కాళ్ళు పట్టుకున్నాను. 'కాళ్ళెందుకు, నీకొచ్చిందంతా నాకు నేర్పు. నేర్పిన్నాడు నీ ఇంట్లో ఉంతాను,' అంది. నేర్పినాను. అయిదేళ్ళు పట్టింది. ఒకనాడు నా కాలరెముక ఇరగ్గొట్టీసింది." మెడ కింద ఎముక మీద వేలు పెట్టి చూపించారు. అక్కడ చిన్న గుబ్బలా ఉంది. "ఆ రోజు నాకు ఒళ్ళెరక్కుండా నిద్రపట్టింది. ఇంక దాన్ని నేనేటీ చెయ్యలేను గదా."

తాడు ముడేసి, "సెయ్యెత్తడం ఎవరికైనా వచ్చు. దించడం నేర్చుకోడానికి నాకు ఇంత కాలం పట్టింది. నీకు నా దగ్గర నేర్చుకోవాలని లేకపోతే పిన్ని దగ్గరే నేర్చుకో. నేను బయట కూకుంతాను," అన్నారు. ఆ నెలంతా ఆడపిల్లల క్లాసు జరిగినంతసేపూ ఆయన షెడ్డు బయట ఎండలో కూర్చున్నారు. నెలాఖరున నేనే వెళ్ళి లోపలికి రమ్మన్నాను. క్షమించానని చెప్పను. క్షమించవలసింది నేను కాదు. పిన్ని క్షమించిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె ఆ మాట ఎప్పుడూ వాడలేదు.

రెండేళ్ళు మా ఆయనకి తెలియకుండా వెళ్ళాను. తెలిసిన రోజు ఆయన తిన్నగా షెడ్డుకే వచ్చాడు. సాయంత్రం ఆరు. చేతిలో ఇనపరాడ్డు ఉంది.

"బయటికి రావే," అన్నాడు.

మాస్టారు మధ్యకి వెళ్ళి నిలబడ్డారు. "బాబూ, రాడ్డు కింద పెట్టి మాట్లాడు."

రాడ్డు లేచింది. మాస్టారు కుడి ముంజెయ్యి అడ్డంపెట్టారు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. సీనియర్లు ముందుకి ఉరికితే పిన్ని చేతులు చాచి ఆపేసింది. "కోయీ నహీఁ హిలేగా." ఎవరూ కదల్లేదు. రెండో దెబ్బ మాస్టారి భుజం మీద పడింది. ఆయన తిరిగి కొట్టలేదు. ఒక్క తన్నుతో ఆ మనిషిని గోడకి అతికించగలిగిన ఆయన ఊరికే నిలబడి నావైపు చూశారు. నా మీదికి వస్తున్నాడు, చూసుకో అన్నట్టు ఉంది ఆ చూపు.

వచ్చాడు. ఎడమ భుజం వెనక్కి వెళ్ళడం నాకు స్పష్టంగా కనబడింది. వెనక్కి వెయ్యాల్సిన అడుగు ముందుకి వేశాను. రాడ్డు నా వీపు వెనక గాలిలో తిరిగింది. మోచేత్తో నోటి మీద కొట్టాను. రెండు పళ్ళు రాలాయి. మోకాలి పక్కన తన్నాను. పడ్డాడు. అక్కడితో ఆగవలసింది. ఆగలేదు. ఛాతీమీద కూర్చుని కొట్టాను. పచ్చడిబండకి ఒకటి, బెల్టుకి ఒకటి, తలుపు తీసినందుకు ఒకటి. వాడు చేతులు అడ్డం పెట్టుకోవడం మానేశాడు. అయినా కొట్టాను. దాచుకోకుండా చెబుతాను, నాకు హాయిగా ఉంది. అయిదేళ్ళలో అంత హాయి అదే.

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. విదిలించి, చూడకుండా వెనక్కి గుద్దాను. ఆ గుద్దు మాస్టారి విరిగిన చేతి మీద పడింది. ఆయన కేక వెయ్యలేదు. ఎడమచేత్తో పట్టిన మణికట్టు వదల్లేదు.

"చాలు. ఇంక దించమ్మా."

మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. నొప్పికి చెమటలు కారుతున్నాయి. "ఈ తర్వాతది నీ దగ్గరే ఉండిపోతాది. నాకు తెల్సు. దించు."

దించాను.

ఆస్పత్రికి ఒకే రిక్షాలో వెళ్ళారు ఇద్దరూ. చెయ్యి వేలాడుతున్న మాస్టారు, నోట్లో గుడ్డ కుక్కుకున్న మా ఆయన పక్కపక్కన. రిక్షా కుదిపినప్పుడల్లా మాస్టారు ఆయన పడిపోకుండా మోకాలు అడ్డం పెట్టారట. అక్కడ కానిస్టేబుల్ వచ్చి ఎవరు ఎవర్ని కొట్టారని అడిగాడు. "ఇసనే ముఝే రాడ్ సే మారా. లడ్కీ నే ఇసే మారా. దోనోఁ లిఖియే," అన్నారు మాస్టారు. ఇతను నన్ను రాడ్డుతో కొట్టాడు, అమ్మాయి ఇతన్ని కొట్టింది, రెండూ రాయండి అని. ఒకటి తగ్గించి రాయమని ఎంతమంది చెప్పినా ఒప్పుకోలేదు. దానివల్ల నేను ఏడాదిన్నర కోర్టు చుట్టూ తిరిగాను. వాయిదా ఉన్న ప్రతి రోజూ ఆయన సెలవు పెట్టి నాతో వచ్చారు. చివరికి విడాకులూ వచ్చాయి, కేసూ కొట్టేశారు. మా ఆయన బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. మారాడో లేదో నాకు తెలియదు.

ఆ ఏడాదిన్నరా నేను మాస్టారి ఇంట్లోనే ఉన్నాను. వంటగదిలో పిన్నీ నేనూ పడుకునేవాళ్ళం. ఆయన వరండాలో. పొద్దున్నే టీలో అటుకులు వేసుకుని తినేవారు. అదేం అలవాటని నవ్వితే, ఓడలో అదొక్కటే పెట్టారని చెప్పారు. నేను బడిలో పని సంపాదించుకున్నాక, "ఇంక పిల్లలకి నువ్వు నేర్పు," అన్నారు. నాకు రాదన్నాను. "నువ్వు ఆగలేకపోనావు చూడు, అది చెప్పు వాళ్ళకి. తన్నులు నేను చెప్తాను."

కుడి చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపుకోలేకపోయారు. మిగిలిన పన్నెండేళ్ళూ ఎడమచేత్తోనే చూపించారు. కొత్తగా చేరినవాళ్ళు మాస్టారిది ఎడమచేతి వాటం అనుకునేవారు. ఆయనకి ఆ చేత్తో టీ గ్లాసు పట్టుకోవడం కూడా బాగా రాదని మాకే తెలుసు. ఆ చేతికి నేనూ ఒక దెబ్బ కలిపాను. ఆ సంగతి నేను ఎత్తబోయినప్పుడల్లా, "అడ్డు సరిగ్గా పెట్టుకోలేదు, తప్పు నాది," అని మాట మార్చేసేవారు.

వాళ్ళకి పిల్లల్లేరు. పలాస నుంచి తమ్ముడి కొడుకు వచ్చేసరికి మర్నాడవుతుందన్నారు. మే నెల, అప్పటిదాకా ఉంచడానికి లేదు. కాలనీ పెద్దలు పాడె ఎవరు పట్టుకుంటారని తర్జనభర్జన పడుతుంటే పిన్ని వరండాలోంచి అంది, "నా క్లాసు పిల్లలు అంతమంది ఉన్నారు గదా."

"ఆడపిల్లలమ్మా," అన్నాడొక పెద్దాయన.

"అయితే?" అంది పిన్ని.

పెద్దాయన పక్కకి తప్పుకున్నాడు. నలుగురు ఆడవాళ్ళం ఎత్తుకున్నాం. నేను తలవైపు. పిన్ని నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది. వెనక షెడ్డు పిల్లలందరూ. దారిలో రైలుగేటు పడింది. అటు నుంచి గూడ్సు వస్తోంది, పొడుగ్గా. దించుకోండి, టైం పడుతుంది అన్నారు ఎవరో. ఎవరమూ దించలేదు. వెదురు భుజంలో దిగుతోంది. వ్యాగన్లు ఒకటి తర్వాత ఒకటి గేటు ముందు నుంచి పోతున్నాయి. ఆ గాలికి మాస్టారి మీది గుడ్డ లేచిపోతుంటే, పిన్ని కుండ నేలమీద పెట్టి వచ్చి, ఆయన పాదాల దగ్గర చెంగు పట్టుకున్నట్టు గుడ్డ అంచు రెండు చేతులా పట్టుకుంది. చివరి గార్డు పెట్టె దాటిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.