వంతులు వద్దన్న మా ఆడబిడ్డ

ఫోను మోగితే చాలు, ఎవరికి ఏమయిందోనని భయపడతాను. ఆదివారం పొద్దున మోగేదానికి మాత్రం భయపడను. అది తిరుపతి నుంచి మా ఆడబిడ్డ చేసేది. పోయిన నెలలో ఒక ఆదివారం కూడా ఆమే అనుకుని, మగ్గానికి నూలు కండెలు చుట్టడం ఆపి, నవ్వుతూనే ఎత్తాను. వినిపించింది ఆమెతో పనిచేసే టీచరమ్మ గొంతు. రాత్రి నిద్రలోనే ఆమె గుండె ఆగిపోయిందని చెప్పింది.

నేను అయిదో తరగతి దాకా చదివాను. ఆమె ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పింది. తీగ లేకుండా గాలిలో పోయే కబుర్లు ఒకదాని మీద ఒకటి పడి చెడిపోకుండా చూడటం ఆమె చదువు. నేను రాసేదాంట్లో ఎన్ని తప్పులుంటాయోనని బెంగగానే ఉంది. అయినా మా ఇంటి తరఫున ఆమె గురించి ఒకరు చెప్పాలి కదా.

నేను నగరికి కోడలిగా వచ్చేటప్పటికి ఆమె పావడా కట్టే పిల్ల. ఇంటి నిండా మరమగ్గాల మోత. అత్త ఒకవైపు నుంచి, మామ ఒకవైపు నుంచి అరిచి పనులు చెబుతుంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ పిల్ల మగ్గాల మధ్య నిలబడి, తల కొంచెం పక్కకు తిప్పి, ఎవరేమన్నారో నాకు విడివిడిగా చెప్పేది. ఎన్ని చదువులు చదివినా వినేటప్పుడు తల అలా తిప్పడం మానలేదు.

ఒకసారి, నీ చదువేమిటో నాకూ చెప్పమని అడిగాను.

"ఒక చెవి మూసుకో వదినా. మా అన్నా నేనూ ఒకేసారి మాట్లాడతాం. ఎవురి మాట యాడినుంచి వస్తాదో సెప్పు" అంది. నాకు గజిబిజిగా ఉంది. చెయ్యి తీయమంది. తీస్తే తెలిసింది.

"నీకు రెండు చెవులుండాయి. గాల్లో మాటలు పట్టే నా పెట్టెకు చెవుల మాదిరి నాలుగు కమ్మీలుండాయి. అంతే నా సదువు."

"దానికి ఇన్నేండ్లు సదవాల్నా మ్మే?"

"నీకు దేవుడు ఉత్తినే ఇచ్చినాడు. పెట్టెకు నేనియ్యాల కదా" అని నవ్వింది. "పంపేటప్పుడు ఇంకా కష్టం. మన మాట మనోళ్ళకు పోవాల, పక్కోళ్ళ కాడ సున్నా కావాల." ఈ మాటను కాలేజీ పిల్లలకూ ఇలాగే చెప్పేదట.

బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లెలో బడి, ఇంకో పల్లెలో కంటి ఆసుపత్రి ఉన్నాయి. రెండు చోట్లా చిత్తూరుతో మాట్లాడే కంప్యూటర్లు పెట్టించింది ఆమే. ఆసుపత్రి నుంచి రోగుల కంటి ఫొటోలు పెద్ద డాక్టరుకు పోవాలి. బడికి పాఠాలు రావాలి. రెండూ మధ్యలో ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేడ మీది కమ్మీలకు చేరి, అక్కణ్ణుంచి తీగ మీద చిత్తూరుకు పోవాలి. గాలిలో దారి మాత్రం ఒకటే. ఒకరు మొదలుపెడితే ఇంకొకరిది ముక్కలయ్యేది. చివరికి పెద్దలు కూర్చుని వంతులు పెట్టారు. పొద్దున ఆసుపత్రికి, మధ్యాహ్నం బడికి.

మధ్యాహ్నం కరెంటు కోత.

మా ఆడబిడ్డ బడికి వెళితే హెడ్మాస్టరమ్మ కూర్చోమని కూడా అనలేదు. "మాకిచ్చిన వంతులో కరెంటే ఉండదు. పిల్లోళ్ళు నల్లటి తెరకల్లా సూస్తా కూసుంటారు. మీ పెట్టె మీరు ఎత్తుకపోండి మేడం" అంది.

ఈ మాటకే అక్కడికి వచ్చిన కంటి డాక్టరు, "కన్ను మంటని వచ్చినోణ్ణి మద్దేనం దాకా ఉండప్పా అనేదానికి నాకు నోరు రాదు" అన్నాడు.

"ఎవురూ ఎవురి కోసమూ ఆగొద్దు. ఇద్దురూ పొద్దున్నే ఒకేసారి మాట్లాడండి. ఇడదీసుకునేది నా పని" అంది మా ఆడబిడ్డ. రేపు పొద్దున కుదరకపోతే బడి పెట్టె తనే విప్పుకుపోతానని మాట ఇచ్చేసింది. ఆ రాత్రి ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నాకు నమ్మకం కుదరలేదు. నీళ్ళ కొళాయి దగ్గర కూడా వంతులేగా. వంతు లేకుండా ఇద్దరికీ ఎలా అందుతుంది?

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. పెరుగన్నం పట్టుకెళ్ళాననే మాటే గానీ, వెళ్ళింది భయంతోనే. ఆ ఫ్యాక్టరీ మేడకు పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు. కింద గుజ్జు వాసనకు కందిరీగలు. ఆమె కొంగు చివర గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఉన్న ఒక్క గొడుగూ పెట్టెకు పట్టి తను ఎండలో కూర్చుంది.

"నీకు పట్టుకో మ్మే, తల తిరిగి పడతావు" అన్నాను.

"అది ఎండకు తాళదు వదినా. నేను తాళతా."

అక్కడ సెల్లు పలకదు. అందుకని బడి మేడ మీద, ఆసుపత్రి మేడ మీద మనుషుల్ని పెట్టారు. కబురు చక్కగా అందుతుంటే గుడ్డ ఊపాలి, చెడితే దించాలి. పొద్దున నుంచీ ఆసుపత్రి మీద గుడ్డ లేస్తే బడి మీద దిగింది. బడి మీద లేస్తే ఆసుపత్రి మీద దిగింది. ఆమె పెట్టెలో ఏవో మార్చేది, నన్ను చూడమనేది, మళ్ళీ మార్చేది. కరెంటు పోయే వేళ దగ్గర పడుతోంది. ఆమె పెట్టె మీంచి చేతులు తీయడం లేదు. చెమట పెట్టె మీద పడకుండా భుజానికి తుడుచుకుంటోంది.

"ఇప్పుడు సూడు వదినా. నేను దీన్ని వదిలేదానికి లేదు. ఇద్దురూ ఊపుతా ఉండారా?"

చూశాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను.

"సెప్పు వదినా."

"రెండూ కనపడతాండాయి. ఆరేసిన గుడ్డలేమో మ్మే."

"ఆరేసిన గుడ్డలు మనల్ని సూసి ఊగుతాయా? బాగా సూడు."

రెండు కబుర్లను ఇలా విడదీసే పాఠం వచ్చినప్పుడల్లా, మొదట చూసింది మా వదిన అని క్లాసులో చెప్పేదని ఆమె దగ్గర చదివిన పిల్లలు వచ్చి నాతో అన్నారు. అవును, నేనే చూశాను. మామిడి తోటలకు ఈ పక్క తెల్ల గుడ్డ, ఆ పక్క నీలం గుడ్డ. ఒకటి దిగుతుందేమోనని ఎంతసేపు చూసినా, ఒకదాని కోసం ఒకటి ఆగకుండా రెండూ ఊగుతూనే ఉన్నాయి.