మల్లేశం అడిగిన నడుం నొప్పి గోలీలు

ఈ సాయంత్రం మరమగ్గాల పేట వడోద్‌లోని మా మందుల షాపుకు మల్లేశం వచ్చాడు. జగిత్యాల వైపు నుంచి వలస వచ్చిన మనిషి, ఇక్కడ లూమ్ మీద పని. నడుం నొప్పి గోలీలు రెండు షీట్లు అడిగాడు. మొన్ననే తీసుకెళ్లాడు కదా అని, రోజుకు ఎన్ని వేసుకుంటున్నావని అడిగాను.

"నాలుగు. ఒక్కోపారి పరగడుపునే. గవి లేకుంటే నిలవడలేను అన్నా."

"దొడ్డికి నల్లగ వస్తున్నదా?"

అతను నా ముఖంలోకి చూశాడు. "మూడొద్దులాయె. నీకెట్ల తెలిసె?"

ఈ గోలీల వల్లే కడుపులో రక్తం కారుతుండొచ్చని చెప్పి, పక్క షాపాయనను తోడిచ్చి ఆటోలో దవాఖానాకు పంపాను. ఎక్కుతూ అన్నాడు: "మా రూముల ఆరుగురం గివే మింగుతం."

అతన్ని చేర్చుకున్నారని ఇప్పుడే ఫోన్ వచ్చింది. ఇన్నాళ్లూ అడిగినన్ని ఇచ్చింది నేనే. షాపు మూసి ఆ రూముకు బయల్దేరుతున్నాను. మీ ఇంట్లో రోజూ ఎవరెన్ని మింగుతున్నారో ఎప్పుడైనా అడిగారా?