ఎర్నెస్ట్ గారి కుడి చెవి

రెండువేల సంవత్సరం. కంప్యూటర్ పని తెలిసినవాళ్ళని సింగపూర్ పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్న రోజులు. నేను హౌగాంగ్‌లో ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటూ, ఓ టీవీ స్టూడియోలో క్విజ్ షో సాఫ్ట్‌వేర్ చూసుకునేదాన్ని. బజర్ ముందు నొక్కినవాళ్ళని పట్టుకుని, మిగతా బజర్లని ఆపేయడం దాని పని. దీన్ని లాకౌట్ అంటాం. ఎక్కడ తేడా వచ్చినా అందరూ ముందు నా మీదే పడేవారు.

షో నడిపేది ఎర్నెస్ట్ గారని, అరవై అయిదేళ్ళ ఇంగ్లీషాయన. టీ తాగుతూ తన కథంతా చెప్పేవారు. పంతొమ్మిదో ఏట సముద్రపొడ్డున ఒక సెలవుల క్యాంపులో తంబోలా నంబర్లు పిలిచారట. తర్వాత రేడియో. ఆ తర్వాత వాళ్ళ దేశంలో సాయంత్రం పూట టీవీ గేమ్ షో, పదకొండేళ్ళు. "బస్సెక్కితే నన్ను టికెట్ కొననిచ్చేవారు కాదమ్మాయ్" అని మురిసిపోయేవారు. ఒకరోజు ఆ షో ఆపేశారు. భార్య పోయింది. పిలిచేవాళ్ళూ లేకపోయారు. చివరికి ఇక్కడ ఈ పని దొరికింది. ఇదీ పోతే ఇంకెవరూ పిలవరని ఆయనకి బాగా తెలుసు.

జవాబు ఖరారు చేసే ముందు "ఇదేనా?" అని అడగడం మా షో పద్ధతి. పోటీదారు ఔనంటే ఆయన పచ్చ బటన్ నొక్కాలి, కాదంటే ఎర్రది. ఆ రోజు రికార్డింగ్‌లో ఫర్హానా అనే హైదరాబాదీ అమ్మాయి సరైన జవాబే చెప్పింది. ఇదేనా అంటే, మనవాళ్ళందరిలాగే తల అటూ ఇటూ ఊపి "ఎస్" అంది. ఆయన "కాదా? సరేనమ్మా" అని ఎర్రది నొక్కేశారు. పాయింటు అవతలి జట్టుకి పోయింది.

ప్రొడ్యూసర్ లిమ్ మేడమ్ నా మీదికి వచ్చేసింది. "నీ సిస్టమ్ పాడైంది లా! ఎస్ అంటే నో అని ఎలా తీసుకుంది?" మాట చివర ఆ 'లా' తగిలించడం సింగపూర్ వాళ్ళ అలవాటు.

నాకు ఒళ్ళు మండింది. లాగ్ తెరిచాను. ఏ బటన్ ఎప్పుడు నొక్కారో వరసగా రాసిపెట్టే చిట్టా అది. నా సిస్టమ్ నిక్షేపంగా ఉంది. ఎర్ర బటన్ ఆయనే నొక్కారు. ఇంతలో ఫర్హానా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఎస్ అనే అన్ననక్కా. గట్టిగనే అన్న. మూడడుగుల దూరంల ఉండె ఆయన."

అప్పుడు వెలిగింది నాకు. ఆయనకి వినపడటం లేదు. ముఖాలు చూసి నెట్టుకొస్తున్నారు. మన తల ఊపుడు వాళ్ళకి 'కాదు' అన్నట్టుంటుంది, అక్కడే బోల్తా పడ్డారు!

మేకప్ గదికి వెళ్ళి అడిగేశాను. "సర్, మీకు వినపడదు కదూ?"

ఆయన ముఖం పాలిపోయింది. ఎడమ చెవి ఎప్పుడో పోయిందట. బాగున్న కుడి చెవిలో టాక్‌బ్యాక్, అంటే కంట్రోల్ రూమ్ నుంచి ప్రొడ్యూసర్ మాటలు వినిపించే ఇయర్‌పీస్. ఇక పక్కవాళ్ళ మాట వినడానికి చెవేదీ?

"చెప్పకమ్మా. ఇంటికి పంపేస్తారు."

"చెప్పకపోతే నన్ను పంపుతారు సర్. ఆ పిల్ల పాయింటు సంగతేంటి మరి?"

అనేశాను గానీ నాకే ఏడుపొచ్చింది. మా నాన్న వయసాయన. "నేను చెప్పలేను. మీరే చెప్పండి" అని వచ్చేశాను.

అయిదు నిమిషాలకి ఆయనే స్టేజి ఎక్కి, అందరి ముందూ మైకులో చెప్పేశారు. "ఈ అమ్మాయి ఔనంది. నాకు వినపడలేదు. నాకు ఒక చెవి పనిచెయ్యదు. తప్పు మెషీన్‌ది కాదు, నాది. పాయింటు తనదే." చెప్పి తల వంచుకుని నిలబడ్డారు.

లిమ్ మేడమ్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ముందే చెప్పొచ్చు కదా అంకుల్! పది నిమిషాల పని లా!"

నిజంగా పది నిమిషాలే పట్టింది. సౌండ్ చూసే అతను పోటీదారుల మైకుల్నీ, జనం కూర్చున్న హాల్లోని మైకుల్నీ ఆయన ఇయర్‌పీస్‌లోకి కలిపేశాడు.

రికార్డింగ్ మళ్ళీ మొదలైంది. ఎర్నెస్ట్ గారు అలవాటైన జోకొకటి వేసి ఠక్కున ఆగిపోయారు. స్టేజి మీదున్నవాళ్ళకి ఎదురు లైట్ల వెలుగులో జనం కనపడరు. ఇయర్‌పీస్ మీద చెయ్యి పెట్టుకుని, మా కంట్రోల్ రూమ్ అద్దాల వైపు తిరిగారు.

"నవ్వుతున్నారా వీళ్ళు?"

"రోజూ నవ్వుతారు సర్" అన్నాను టాక్‌బ్యాక్‌లో.

"నా జోకులకి కాలం చెల్లిపోయిందనుకున్నానమ్మా, ఇన్నేళ్ళూ."

ఆ షోని ఇంకో రెండేళ్ళు ఆయనే నడిపారు. లోపాన్ని దాచుకుంటే దాంతోపాటు ఇంకేం పోగొట్టుకుంటున్నామో మనకే తెలీదని నాకు నేర్పింది ఆయనే.