పోగు తెగితే ఆగే పుస్తకం

కర్నూలులో కంటి డాక్టరు ఏమన్నాడో చిన్నాయన మాకెవరికీ చెప్పలేదు. వెంట వెళ్ళిన చిన్నమ్మ చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. పోయిన చూపు తిరిగి రాదట. మిగిలింది చుక్కల మందుతో ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు, ఏడాది అనుకోండి అన్నాడట. ఆమె ఇదంతా వంటింటి గడపలో నిలబడి చిన్న గొంతుతో చెబుతుంటే, లోపల మగ్గాల ఇంట్లో చిన్నాయన పుస్తకం చదువుతున్న గొంతు వినిపిస్తూనే ఉంది.

ఎనభైల మొదట్లో మాట ఇది. నేను ఎలక్ట్రానిక్సులో డిప్లొమా చేసి, ఆదోనిలో ఒక నూలు మిల్లులో ఎలక్ట్రికల్ పనిలో చేరాను. ఆదివారాలు బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళేవాణ్ణి. అక్కడ చిన్నాయన ఇంట్లో నాలుగు గుంట మగ్గాలు ఉండేవి. ఒకటి మా తమ్ముడిది, అంటే చిన్నాయన కొడుకుది. ఒకటి చిన్నమ్మ తమ్ముడిది. తక్కిన రెండింటి మీద వీధిలోని ఇద్దరు నేసేవారు. చిన్నమ్మ మూలన రాట్నం ముందు కూర్చుని నేతకు నూలు కండెలు చుట్టేది. చిన్నాయన మగ్గం దిగి అప్పటికే చాలా ఏళ్ళయింది. తెగిన పోగు కొసలు కనబడక, తడుముకుని ముడి వేయబోయి పక్క పోగులు కూడా తెంపుకోవడం మొదలయ్యాక దిగాడు. అచ్చు అక్షరాలు ఇంకా కనబడేవి, అప్పటినుంచి పుస్తకం పట్టాడు.

నేసేవాళ్ళకు చేతులూ కాళ్ళూ కళ్ళూ ఖాళీ ఉండవు, చెవులే ఖాళీ. చాలా ఇళ్ళలో ఆ చెవులకు రేడియో ఉండేది. ఈ ఇంట్లో చిన్నాయన ఉండేవాడు. అద్దె పుస్తకాల కొట్టు నుంచి అపరాధ పరిశోధన నవలలు తెచ్చి, తలుపు దగ్గరి వెలుగులో పీట వేసుకుని చదివేవాడు. నేత బిగించే పలక దెబ్బ పడినప్పుడు ఆగి, దెబ్బకూ దెబ్బకూ మధ్య మాట వదిలేవాడు. ఎవరిదైనా పోగు తెగితే వాళ్ళు "పోగు" అనేవారు. అంతే, చిన్నాయన వాక్యం మధ్యలోనే ఆగి, ఆ వరుస మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడు. ముడి పడి ఆ మగ్గం మళ్ళీ మోగేదాకా తక్కిన ముగ్గురూ కథ లేకుండా నేసేవారు. తెగిన పోగు అతికేవాడి చెవులు పని చేయవని అందరికీ తెలుసు. ఒకణ్ణి వదిలేసి కథ ముందుకు పోకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. నేను చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్ళినప్పటికే అది ఉంది.

ఆ రోజు సాయంత్రం బస్టాండు దాకా నాతో నడిచి వస్తూ చిన్నాయన తానే మాట ఎత్తాడు.

"చూపు పోయేది పోతాది. దానికి నేనేం సేసేది? నేతగాని ఇంట్లో ఊరికే కూసున్నోణ్ణి అయితానప్పా. అదే బాధ."

నేను ఏదో ధైర్యం చెప్పాను. ఆయన విన్నాడో లేదో. బస్సులో నా బుర్ర తనకు తెలిసిన దారిలో పోయింది. చూపు ఉన్నన్నాళ్ళలో ఆయన చదివేదంతా టేపు మీదికి ఎక్కించవచ్చు. ఆ తర్వాత ఆయన పీట మీద ఆయనే కూర్చుని, ఆయన గొంతే వినిపించవచ్చు. కావలసింది తగిన యంత్రం.

మరుసటి వారమంతా దాని మీదే ఉన్నాను. ఆదోని బజారులో ఒక సాయిబు రేడియోలూ టేపురికార్డర్లూ అమ్మి, బాగుచేసే కొట్టు నడిపేవాడు. డ్యూటీ దిగి రోజూ అక్కడికే. ఆయన దగ్గర రెండు రకాలు ఉన్నాయి. ఒకటి ఏదో ఆఫీసు నుంచి వచ్చిన పాత స్పూలు యంత్రం, పెట్టెలాంటిది. రెండోది క్యాసెట్టు రికార్డరు. స్పూలు టేపు వెడల్పుగా ఉంటుంది, గొంతు నిండుగా పలుకుతుంది, వేగం తగ్గిస్తే ఒక చుట్ట మీద గంటల కొద్దీ పడుతుంది. కాగితం మీద చూస్తే అదే గెలవాలి. కానీ దాని టేపును చేత్తో లాగి, సన్న సందులోంచి పోనిచ్చి, రెండో చక్రానికి చుట్టాలి. చూపు లేనివాడు ఆ పని చేయలేడు. పైగా చుట్టలకు మూత లేదు. మగ్గాల ఇంట్లో గాలి నిండా నూలు నుసి. నెల తిరక్కముందే టేపు ఆనే తల మీద పేరుకుని గొంతు మూగబోతుంది. ఇంకొకటి, అది కరెంటు మీదే నడుస్తుంది. ఎమ్మిగనూరు కరెంటు సంగతి నాకు తెలుసు.

క్యాసెట్టు రికార్డరు బ్యాటరీల మీద కూడా నడుస్తుంది. అయితే అందులోనూ రకాలు. అరవై నిమిషాలది, తొంభైది, నూట ఇరవైది. నిమిషాలు పెరిగే కొద్దీ టేపు పలచన. నూట ఇరవైది తీసుకుంటే ఒక నవల నాలుగు క్యాసెట్లలో పడుతుంది, కానీ అది సాగుతుంది, చక్రాలకు చుట్టుకుపోతుంది. అరవైది గట్టిది, నవలకు ఏడో ఎనిమిదో కావాలి. మీటలు ఒకదాని పక్కన ఒకటి ఎత్తుగా ఉండి వేళ్ళకు తెలియాలి. ఆపే మీట విడిగా ఉండాలి. ఇవన్నీ అడిగి, విప్పి చూసి, మూసి, మళ్ళీ అడిగాను. సాయిబు ఓపిక పట్టి పట్టి చివరికి అన్నాడు:

"ఏం బాబూ, మిషన్ కొంటాండావా, సంబంధం చూస్తాండావా? మా పెద్దమ్మాయి నికాకి కూడా అవతలోళ్ళు ఇన్ని అడగలే."

నవ్వి, క్యాసెట్టు రికార్డరు, అరవై నిమిషాల క్యాసెట్లు తీసుకున్నాను. దానితోపాటు ఒక మైకు వచ్చింది. మైకు మీద చిన్న స్విచ్చి ఉండేది. దాని తీగను రికార్డరు పక్కనున్న సన్న రంధ్రంలో పెడితే, స్విచ్చి జరిపినప్పుడల్లా టేపు ఆగేది, నడిచేది.

మొదటి నవల మేము లోపలి గదిలో, మధ్యాహ్నం అందరూ తిని పడుకున్న వేళ రికార్డు చేశాం. చిన్నాయన మైకు ముందు సర్దుకుని కూర్చుని గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఆయన నోటి నుంచి వచ్చినది ఆయన చదువు కాదు. రేడియోలో వార్తలు చదివేవాడి చదువు. ప్రతి అక్షరం ఒత్తి, ఒకే ఎత్తున, ఎక్కడా ఆగకుండా. యంత్రం ముందు అలాగే చదవాలని ఆయన అనుకున్నాడు. నాకూ అది తప్పు అనిపించలేదు. స్పష్టంగా ఉంది, టేపు ఖాళీగా పోవడం లేదు. ఆదివారం ఒక క్యాసెట్టు, సెలవు పెట్టిన రోజు రెండు. ఏది ఎన్నో క్యాసెట్టో చేతికి తెలియడానికి పెట్టెలకు నూలు కట్టి చిన్నాయన ముడులు వేశాడు. రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లోనే పుస్తకం ముఖానికి దగ్గరగా జరుగుతూ వచ్చింది.

మగ్గాల ఇంట్లో మొదటిసారి వినిపించిన రోజు అందరూ బాగుందన్నారు. రెండో రోజుకు చిన్నమ్మ తమ్ముడు, "బావా, హత్య జరిగిందంటాండావా, వాన పడిందంటాండావా? రెండూ ఒకటే మాదిరి సదివితే ఎట్ల?" అన్నాడట. మాటల్లో సగం పలక దెబ్బల కింద పడిపోయేవి. చిన్నాయన చదివినప్పుడు దెబ్బకు ఆగేవాడు, ఇది ఆగదు. ఎవరో "పోగు" అంటే చిన్నాయన మీటల కోసం తడుముకునేలోపు నాలుగు వాక్యాలు పోయేవి. వారం తిరిగేసరికి ఒకరు, పోనీ రేడియో పెట్టుకుందామా అని అడిగారు. మర్యాదగానే అడిగారట.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి రేడియోలో పాటలు వస్తున్నాయి. పీట మీద చిన్నాయన లేడు. వెనక పెరట్లో, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను అడుగుల చప్పుడుతో గుర్తుపట్టాడు.

"గొంతు నాదే. కానీ ఆడ నేను ల్యా," అన్నాడు.

యంత్రం ఎంపికలో ఎక్కడ పొరపాటు జరిగిందా అని నేను రాత్రంతా వెతికాను. యంత్రం సరైనదే. మళ్ళీ చదవాలి, వేరేగా చదవాలి, అంతే. కానీ మళ్ళీ చదవడానికి కళ్ళు ఎంత మిగిలాయి?

రెండో నవలకు చిన్నమ్మ ఉపాయం చెప్పింది. రాట్నం తెచ్చుకుని లోపలి గదిలో ఆయన ఎదురుగా కూర్చుంది. మైకుకు కాదు, నాకు చదువు అంది. రాట్నం చప్పుడు మెత్తగా టేపు మీద పడింది. నేను వద్దనలేదు. ఆయన ఆమెకు చదివాడు. దొంగ మెట్లెక్కే చోట గొంతు తగ్గించాడు, పోలీసు వచ్చిన చోట గట్టిగా గదిమాడు. పలక దెబ్బ పడవలసిన చోట అలవాటుగా ఆగాడు. అది కొత్త పుస్తకం, మగ్గాల మీద ఎవరూ విననిది. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో వాళ్ళిద్దరే చేసుకున్న చివరి క్యాసెట్లకు వచ్చేసరికి భూతద్దం పట్టుకుని, తలుపు తీయించి, ఎండ నేరుగా కాగితం మీద పడేలా కూర్చుని, ఒక్కో మాట కూడబలుక్కుని చదివాడట. పుస్తకం అయిపోయింది. కళ్ళు కూడా దాదాపు అప్పుడే అయిపోయాయి.

ఇంక పోగు సంగతి. దానికి నా దగ్గర మంచి పరిష్కారం ఉంది. మైకు స్విచ్చి తీగను పొడిగించి, ప్రతి మగ్గం గుంటలో కాలికి అందేలా ఒక స్విచ్చి పెడతాను. ఎవరి పోగు తెగితే వాళ్ళే ఆపుతారు, ముడి వేసుకుని వాళ్ళే నడిపిస్తారు. ఆలస్యం ఉండదు, ఒక్క మాట కూడా పోదు. ఆదోని నుంచి తీగ, నాలుగు స్విచ్చిలు తెచ్చి, గుంటల కొలతలు తీసుకుంటున్నాను. చిన్నమ్మ కండెల బుట్టతో వచ్చి నా పక్కన నిలబడింది. ఏం చేస్తున్నావంటే చెప్పాను. ఆమె కొంచెంసేపు తీగను చూసింది.

"అందురికీ స్విచ్చి పెడితివి. మరి ఆయప్ప యాడ కూసోవాల?"

తెచ్చిన తీగ చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఒక్క స్విచ్చి మాత్రం, పట్టుకోవడానికి వీలుగా చిన్న చెక్కకు బిగించి, తలుపు దగ్గరి పీట దాకా తీగ లాగాను.

కొన్నాళ్ళు అది బాగానే జరిగింది. చిన్నాయనకు "పోగు" అని ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. నాలుగు మగ్గాల చప్పుళ్ళలో ఏది ఆగిందో ఆయనకు తెలిసేది. ఆగిన క్షణానే బొటనవేలు స్విచ్చి జరిపేది. ఒక్కోసారి ఎవరో కేవలం చెమట తుడుచుకోవడానికి ఆగినా కథ ఆగిపోయేది, తక్కినవాళ్ళు వాణ్ణి తిట్టేవారు. రేడియో అటక ఎక్కింది. నవల సగం దాటింది.

అప్పుడే తమ్ముడు నా కోసం ఆదోని వచ్చాడు. మగ్గం మీద ఇంక బతుకు జరగదన్నాడు. మిల్లులో ఏదైనా చూడమన్నాడు. నాన్నతో చెప్పావా అంటే, "నువ్వే చెప్పాలి, అన్నా" అన్నాడు. నేను మా ఫోర్‌మన్‌తో మాట్లాడాను. తమ్ముడు ఊరికి పోయి, ఆదోనిలో ఏదో చిన్న పని ఉందని మాత్రం ఇంట్లో చెప్పి, రెండు జతల బట్టలతో వచ్చేశాడు. పనిలో చేరిన తర్వాతి ఆదివారం చెప్పడానికి నేను వెళ్ళాను.

మగ్గాల ఇంట్లో మూడు మగ్గాలే ఆడుతున్నాయి. టేపు ఆగి ఉంది. చిన్నాయన స్విచ్చి చెక్క రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం వంచి, తమ్ముడి మగ్గం వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. మూడు రోజులుగా ఇంతే అని చిన్నమ్మ సైగ చేసింది. ఆమె తమ్ముడు మగ్గం మీది నుంచే, "బావా, వాడు వచ్చేదాకా మాకు కథ లేదా? పిల్లోడు తర్వాత ఇంటాడులే, నడిపియ్యి," అన్నాడు. చిన్నాయన కదల్లేదు.

నేను పక్కన కూర్చుని విషయం చెప్పాను. మిల్లు, పని, షిఫ్టు, ఉండే గది, జీతం చేతికి వచ్చే తారీకు, అన్నీ వరుసగా చెప్పాను. అలా చెబితే తేలికవుతుందనుకున్నాను. నేను ఆపాక ఆయన అడిగాడు.

"ఆ మిల్లులో శబ్దం ఎక్కువ ఉంటాదా?"

ఉంటుంది, పక్కనోడి మాట కూడా వినబడదు, సైగలతోనే పని అన్నాను.

"అయితే ఆడ పుస్తకం ఇనబడదు."

తర్వాత చిన్నాయన రికార్డరు దగ్గరికి జరిగి, తడిమి మూత తీసి, క్యాసెట్టు బయటికి తీశాడు. వెనక్కి తిప్పలేదు. ఆగిన చోటనే ఉంచి, పెట్టెలో పెట్టి, పైన నూలు రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు. అది నా చేతికిచ్చి గూట్లో పెట్టమన్నాడు. వాడు పండగకో పబ్బానికో వచ్చినప్పుడు ఇక్కడినుంచి వినాలన్నాడు. మొదటి నవల తీసి పెట్టమన్నాడు, ఆ వార్తల గొంతుది.

మూడు మగ్గాల మీది వాళ్ళూ గొల్లుమన్నారు. హంతకుడెవరో తేలకుండా ఇదేం అన్యాయమన్నారు. ఆయన స్విచ్చి జరిపాడు. ఎత్తూ పల్లం లేని గొంతు మొదలైంది. వాళ్ళు ఇక రాట్నం వైపు తిరిగారు. గూట్లోకి పోయిన ఆ పుస్తకం చివరిదాకా విన్నది చిన్నమ్మ ఒక్కతే. ఒక్క పేరు చెప్పు చాలని ఆమె తమ్ముడు బతిమాలాడు.

ఆమె కండె మార్చుకుని, చుట్టడంలో పడింది. ఎవరెంత అడిగినా చెప్పలేదు.