నేను చావలేకపోయిన నాటిక

2004లో నన్ను మణుగూరు ప్రాంతంలోని ఒక భూగర్భ గనికి ఓవర్‌మన్‌గా బదిలీ చేశారు. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. గనిని భాగాలుగా విడదీసి ఒక్కో భాగాన్ని డిస్ట్రిక్ట్ అంటారు. షిఫ్ట్ నడిచినంతసేపూ ఆ డిస్ట్రిక్ట్‌కు జవాబుదారీ ఓవర్‌మన్. అతని కింద సర్దార్లు, వాళ్ల కింద కార్మికులు. పైన మేనేజరు ఉన్నా, లోపల పెద్దపులిని నేనేనని నా నమ్మకం. మీసం కూడా దానికి తగ్గట్టే పెంచాను.

బొగ్గు తీసిన చోట నెత్తిమీద మిగిలే రాతి పొరను కప్పు అంటాం. కొత్త చోట అడుగు పెట్టే ముందు, గుంజలు నిలబెట్టిన భాగం కిందే ఆగి, ముందున్న కప్పును కర్రతో తట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. అర నిమిషం పని. ఆ అర నిమిషానికే మావాళ్లకు ఎక్కడలేని బద్ధకం వచ్చేది.

ఈ విషయంలో సమ్మయ్య అందరికీ గురువు. అతను టింబర్‌మన్, అంటే కప్పుకు గుంజలు నిలబెట్టే మనిషి. నేను కనిపిస్తే తట్టేవాడు, నేను మలుపు తిరిగితే మానేసేవాడు. ఒకరోజు పట్టుకుని కేకలేస్తే, "ఇరవై ఏండ్ల సంది పనిచేస్తున్న సారూ, నా మీద ఒక్క పెళ్ల గూడ పడలె" అన్నాడు. పడితే ఆ మాట చెప్పడానికి నువ్వుండవన్నాను. తల ఊపాడు గానీ వినలేదు. ఆ వారమే అతను తట్టకుండా పనిచేసిన చోట పెళ్ల ఊడి బొగ్గు మోసే ఖాళీ టబ్బు మీద పడింది. అప్పుడు అతను మంచినీళ్లకు వెళ్లి ఉన్నాడు, అంతే. నాకు ఇంకా గట్టిగా అరవడం తప్ప వేరే మార్గం తోచలేదు.

ఏటా చలికాలంలో గనుల్లో రక్షణ వారోత్సవాలు జరిగేవి. ఒక్కో గని నుంచి ఒక నాటిక వేస్తారు, పోటీ ఉంటుంది. ఆ ఏడు ప్రతి నాటికలోనూ ఒక సూపర్‌వైజరు నటించాలని సేఫ్టీ ఆఫీసరు నిబంధన పెట్టాడు. కుర్ర సర్దార్లు తలా ఒక సాకు చెప్పి తప్పించుకున్నారు. నేను సాకు వెతుక్కునేలోపే నా పేరు రాసేశారు.

నాటిక రాసి ఆడించేది కొమురయ్య. గనిలో హాలర్ నడుపుతాడు, అంటే తాడుతో టబ్బులు లాగే యంత్రం అతని చేతిలో ఉంటుంది. స్టేజీ ఎక్కితే ఆడవేషం కూడా అతనిదే. నేను హుందాగా మేనేజరు వేషం అడిగాను. "ఆ ఏషం మీరు రోజూ ఏస్తనే ఉన్నరు గద సారూ, కొత్తది ఏయుండ్రి" అని, కప్పు తట్టకుండా లోపలికి పోయి చచ్చే కార్మికుడి వేషం నాకిచ్చాడు. నా పెళ్లాం వేషం తను తీసుకున్నాడు.

ఇంట్లో చెబితే మా ఆవిడ సరోజ చేతిలోని చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "పెండ్లి ఫోటోల గూడ మూతి బిగవట్టుకున్న మనిషి స్టేజీ ఎక్కుతడట!" అంది. అయినా రోజూ నాతో సంభాషణలు అప్పజెప్పించుకున్నది ఆవిడే. నా భాగం మొత్తం కలిపి తొమ్మిది మాటలు. గనిలో గాలి కొలతలు రాసుకునే జేబు పుస్తకంలో వాటిని రాసుకున్నాను. దాన్ని చదవడానికి కళ్లజోడు కావాలి, కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండాలి. ఆ వయసులో కొత్త విద్య అంటే ఇలాగే ఉంటుంది.

మాటలు వచ్చాయి. చెయ్యి మాట వినలేదు. "కప్పుకేమైతది, నిన్న మంచిగనే ఉండె" అంటూ నేను నేరుగా లోపలికి నడవాలి. నోరు ఆ మాట అంటుండగానే చేతిలోని కర్ర లేచి కప్పును తట్టేది. ఇరవై ఆరేళ్ల అలవాటు మరి. కొమురయ్య తల పట్టుకున్నాడు. "సారూ, సచ్చేటోడు కప్పు తడ్తడా? జర మంచిగ సావుండ్రి" అని బతిమాలాడు. కర్ర తీసేస్తే పిడికిలితో తట్టాను. చేతులు వెనక్కి కట్టుకోమన్నాడు. అలా రెండు రిహార్సళ్లు బాగానే చచ్చాను.

పోటీ రోజు సాయంత్రం కాలనీ మైదానం నిండిపోయింది. స్టేజీ మీద వెదురు చట్రానికి నల్లరంగు పూసిన థర్మోకోల్ పెళ్లలు వేలాడదీశారు. నేను లోపలికి వెళ్లగానే తెర వెనక నుంచి తాడు లాగాలి, పెళ్లలు నా మీద పడాలి, పెళ్లాం ఏడుస్తూ రావాలి. వేషం నిండుగా ఉండాలని ఎవరో చివరి నిమిషంలో నా చేతికి కర్ర ఇచ్చారు. నా మాట చెప్పాను. చెప్పి, గుంజల దగ్గరే ఆగి, చెయ్యి చాచి, పద్ధతి ప్రకారం కప్పు తట్టాను. కప్పు మొత్తం నా ముందు కూలింది. నా మీద ఒక్క ముక్క పడలేదు.

తెర వెనక చప్పుడు విన్న కొమురయ్య, సమయం వచ్చిందనుకుని, జుట్టు విరబోసుకుని రొమ్ము బాదుకుంటూ పరుగున వచ్చాడు. "నన్ను ఇడిసిపెట్టి పోయినవా మామా!" అని శోకం అందుకుని, నిలబడి ఉన్న నన్ను చూసి నోరు తెరిచి ఆగిపోయాడు. నాకున్న తొమ్మిది మాటలూ అయిపోయాయి. "ఏడ్వకు పిల్లా, కప్పు తట్టిన" అన్నాను. మైదానం అంతా ఈలలు. ముందు వరుసలో సమ్మయ్య పొట్ట పట్టుకుని కుర్చీలోంచి జారాడు. జీవితంలో మొదటిసారి అంతమంది నన్ను చూసి నవ్వారు. ముందు సిగ్గేసింది. తరువాత, నిజం చెప్పాలంటే, హాయిగా అనిపించింది.

కథ దారి తప్పిందని మాకు బహుమతి ఇవ్వలేదు. కొమురయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. గనిలో మాత్రం నా పరువు పూర్తిగా పోయింది. నేను కనబడితే చాలు, ఎవరో ఒకరు మీసం దువ్వినట్టు చేసి, నాలాగే నడుము వంచి, చెయ్యి చాచి కప్పు తట్టి, "ఏడ్వకు పిల్లా" అనేవారు. కోపం వచ్చినట్టు నటించేవాణ్ణి. నటన అప్పటికి కొంచెం వచ్చింది.

రెండు నెలల తరువాత నేను నాలుగు రోజులు సెలవు మీద వెళ్లాను. తిరిగి వచ్చాక సర్దార్ రాసిన రిపోర్టు చదివాను. టింబర్‌మన్ కప్పు తట్టి చూడగా డొల్లగా పలికిందనీ, అందరినీ వెనక్కి పిలిచి గడ్డపారతో కదిపితే తలుపంత పెళ్ల ఊడి పడిందనీ, ఎవరికీ దెబ్బ తగలలేదనీ ఉంది. సర్దార్‌ను పిలిచి వివరం అడిగాను. తట్టింది సమ్మయ్యే. పక్కవాళ్లను నవ్వించడానికి నా వేషం కడుతూ తట్టాడట. డొల్ల చప్పుడు వినగానే అతని నవ్వు ఆగిపోయిందట.

మరునాడు సమ్మయ్య నా దగ్గరికి వచ్చి, "మిమ్ముల ఎక్కిరిస్తందుకు తట్టిన సారూ, తప్పయింది" అన్నాడు. రోజూ ఆ తప్పు చెయ్యమన్నాను.

ఆ తరువాత పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. కొత్త ఓవర్‌మన్లు సలహా అడిగితే ఒక్కటే చెప్పేవాణ్ణి. నాకు భయపడినవాళ్లు నా ఎదుట కప్పు తట్టారు. నన్ను చూసి నవ్వినవాళ్లు నేను లేని రోజున కూడా తట్టారు.