పలుపు ఇవ్వకుండా అమ్మిన కారు

ఆ రోజుల్లో నేను మంచి పడుచుదనంలో ఉన్నాను. ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు, డబ్బులు ఫోన్లలోంచి ఫోన్లలోకి ఎగరడం మొదలుపెట్టిన రోజులే. పడుచుదనమంటే అరవై మూడేళ్లు. ఇప్పుడు డెబ్బై గడప దగ్గర నిలబడి వెనక్కి చూసుకుంటే అరవై మూడు కుర్రతనమే అనిపిస్తుంది. పిట్టగోడ పట్టుకోకుండా మెట్లెక్కేవాణ్ణి. ఎవరేం చెప్పబోయినా సగంలోనే "నాకు తెలుసులే" అనేవాణ్ణి. మెట్లెక్కడం వల్ల నాకు ఏ నష్టమూ జరగలేదు.

మదనపల్లెలో బోరు మోటార్ల సామాన్ల అంగడి పెట్టుకుని బతికినవాణ్ణి. అంగడి మూసేశాక నాకు మిగిలిన వైభవం ఒక చిన్న తెల్ల కారు. కొనడానికి వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాను: హార్సిలీ కొండను నాలుగో గేరులో ఎక్కిన బండి ఇది. (మూడో గేరు. సరే, రెండో గేరు. చివరి మలుపులో మా ఆవిడ దిగి నడిచింది, బండికంటే ముందు పైకి చేరి మజ్జిగ తాగుతూ కూర్చుంది.) అప్పటికి పదకొండేళ్ల క్రితం ఆ కారు కొనడానికి ఆవిడ నాలుగు గాజులు అమ్మేశాను. అప్పటినుంచి కారెక్కిన ప్రతిసారీ ఆవిడ నోట ఒకటే మాట: "మెల్లిగా తోలయ్యా, నా గాజుల్లో కూర్చోని పోతాండాము." కళ్ల డాక్టరు ఇక బండి నడపొద్దని ఖాయంగా చెప్పేసిన రోజు, దేవుడి పటం ముందు నిలబడి మాటిచ్చాను, కారు అమ్మిన డబ్బు అమ్మినట్టే గాజులకు పోతుందని. ఆవిడ నమ్మినట్టే కనిపించింది. నమ్మడం ఆవిడకు అలవాటైన పని.

మోసపోకుండా డబ్బు పుచ్చుకోవడంలో నన్ను మించినవాడు మదనపల్లె నుంచి కుప్పం దాకా లేడని పేరు. (ఆ పేరు మా వీధిలో ఆరిళ్లకు తెలుసు. అందులో రెండిళ్లు ఖాళీగా ఉండేవి.) మా వీధి చివర టమోటా మండీ గుమాస్తా ఒకడు స్కూటరు అమ్మి, కొన్నవాడు ఫోనులో చూపించిన 'డబ్బు పంపాను' అన్న బొమ్మను నమ్మి, స్కూటరూ డబ్బూ రెండూ పోగొట్టుకున్నాడు. అతన్ని ఓదార్చడానికి వెళ్లి గంటసేపు తిట్టి వచ్చాను. ఆ రోజు నుంచి నాదొక శాసనం: ఎదుటివాడి ఫోను కేసి కన్నెత్తి చూడకూడదు, మన ఖాతాలో పడితేనే పడినట్టు, పడేదాకా సంతకమూ లేదు, తాళంచెవీ లేదు. బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది: "ముందు ఒక్క రూపాయి పంపించుకోని సూసుకోండప్పా, సరిగా వచ్చిందంటే మిగిలింది పంపమనండి." రూపాయి అడుక్కోవడానికి నేనేమన్నా బిచ్చగాణ్ణా అనుకుని, "నాకు తెలుసులేమ్మా" అన్నాను.

రెండో శనివారం, బ్యాంకు లేని రోజున, కుప్పం నుంచి పట్టుగూళ్ల వ్యాపారి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. వెంట తన అత్తగారిని తెచ్చుకున్నాడు. ఆ అవ్వ కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, టైరును కాలితో తన్ని, వెనక తలుపు తీసి లోపల కూర్చుంది. ఇక దిగలేదు. బేరమంతా కిటికీలోంచే నడిపింది. రెండు లక్షల పదివేలకు తెగింది. నేను గంభీరంగా ఆధారు కార్డు జిరాక్సు పుచ్చుకుని, బీరువాలోంచి బ్యాంకు పుస్తకం తీసి, అందులోని ఖాతా నంబరు ఒక్కో అంకె చదివాను. అతను ఫోనులో కొట్టుకున్నాడు. నిమిషంలో, "పోయిందప్పా, పేరు సరిగా ఉండాదేమో ఒకసారి సూడు" అని ఫోను నా మొహం ముందు పెట్టాడు.

నేను తల తిప్పేసుకున్నాను. "నేను సూడను."

"అదేందప్పా, సూస్తే ఏమైతాది?"

"నా ఫోనుకు రావల్ల. అప్పుడు నమ్ముతా."

రాలేదు. పావుగంట, అరగంట, గంట. మా ఆవిడ సంగటి పెట్టింది, చెనక్కాయల ఊరిబిండి వేసింది. అతను ఎడమచేత్తో తింటున్నంత కష్టంగా తిన్నాడు, ఎందుకంటే ఒక చేత్తో ఫోను నా వైపు పట్టుకునే ఉన్నాడు. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. కారులోంచి అవ్వ కేక వేసింది: "యమగండం వస్తాండాది నాయనా! కొత్త బండి యమగండంలో కదిలిస్తే మా బతుకేం గావల్ల?"

ఇక్కడ నా శాసనం కూలిపోయింది. యమగండం కోసం కరిగిపోయానని చాలాకాలం అందరికీ చెప్పాను. అది కాదు. కిటికీ దగ్గరికి వెళితే అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "నలభై ఏళ్లోడి మాదిరి ఉండావు, నీకేం తొందర? దుడ్లు సాయంత్రానికి వస్తాయిలే" అంది. నలభై! ఆ అంకె చెవిన పడ్డాక చేతులు వాటంతట అవే కదిలాయి. పేరు మార్పిడి కాగితాల మీద సంతకాలు చేశాను, తాళంచెవి ఇచ్చేశాను. ఒక్క తాళంచెవి మాత్రమే. రెండోది ఉందని చెప్పలేదు. అది మోసం కాదు, మా ఇంటి ఆచారం. మాది తంబళ్లపల్లె పక్క గొర్రెలు, ఆవులు సాకిన ఇల్లు. మా అమ్మ ఆవును అమ్మితే ఆవును ఇచ్చేది గానీ మెడలోని పలుపు విప్పి ఇంట్లో ఉంచుకునేది. కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాలి. పలుపు ఇస్తే పాడి కూడా దాని వెంట పోతుందని ఆమె నమ్మకం. కారుకు పలుపు ఏది? నల్లదారం కట్టిన ఆ రెండో తాళంచెవే అనుకున్నాను.

సాయంత్రమైంది. నా ఫోను నుంచి బ్యాంకుకు మిస్డ్ కాల్ ఇచ్చాను. నాలుగువేల చిల్లర ఉందని మెసేజి వచ్చింది. మళ్లీ ఇచ్చాను. అదే నాలుగువేల చిల్లర. కుప్పం ఆయనకు ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఇరవైసార్లు చేస్తే ఇరవైసార్లూ స్విచ్చాఫ్. బేరానికి అవ్వను తెచ్చుకున్న దొంగ ఎంత తెలివైనవాడో అప్పుడు అర్థమైంది. మండీ గుమాస్తాను తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటి కూడా మర్చిపోలేదు, జ్ఞాపకశక్తికి పెట్టింది పేరు. (ఆ పేరు కూడా ఆరిళ్లలోనే.)

మా ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బోసి మణికట్టును కొంగుతో ఒకసారి తుడుచుకుని, "పోతే పోనీలేయ్యా. అలవాటైపాయ గదా" అంది. నా జీవితంలో ఇంకే మాటా అంత మెత్తగా వచ్చి అంత గట్టిగా కొట్టలేదు. పోలీసులకు చెప్పడానికి సిగ్గు. చెప్పకపోతే గాజులు లేవు. తెల్లారి, దొంగ జాగ్రత్త పడతాడని ఫోను కూడా చేయకుండా, ఆధారు జిరాక్సు, రెండో తాళంచెవి జేబులో వేసుకుని బస్సెక్కాను.

పుంగనూరులో బస్సు మారాలి. బస్టాండు పక్కన టీ అంగడి మా బామ్మర్దిది. నన్ను చూడకుండా ఉంటే చాలని తువ్వాలు తలకు చుట్టుకున్నాను. ఆ తువ్వాలు అతను పండక్కి పెట్టిందే.

"బావా! కారు యాడ? బస్సులో వస్తాండావే?"

"అమ్మేసినా."

"దుడ్లు?"

"వస్తాండాయి."

"యాడినుంచి, నడుసుకుంటానా?" అని పడీ పడీ నవ్వాడు. "బ్రోకరుకు చెప్తా, నువ్వు మోసపోతావు అంటి గదా బావా నేను." టీ డబ్బులు తీసుకోలేదు. అతను నా దగ్గర టీ డబ్బులు తీసుకోని రోజు అదొక్కటే. ఆ జాలితో పలమనేరు దాకా కళ్లలో నీళ్లు ఆగలేదు. (కిటికీ గాలి అని పక్కాయనకు చెప్పాను.)

కుప్పంలో జిరాక్సు చూపించి అడుగుతూ పోతే వీధి దొరికింది, వీధిలో కారు దొరికింది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు. నా సొత్తుకు నా కళ్లముందే పూజ చేసుకున్నారు! చుట్టూ చూశాను. ఎవరూ లేరు. తలుపు తీశాను, పలుపు పెట్టి తిప్పాను, బండి పలికింది. సింహంలా దూకించి వీధి దాటించానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి రెండుసార్లు ఆగిపోయింది, కళ్లు మసకగా ఉండి మొదటి గేరులోనే రోడ్డెక్కాను. రైల్వే గేటు పడి ఉంది. ఆగాను. వెనకనుంచి ఆవులింత వినిపించింది.

"యాడికి నాయనా పోతాండాము?"

అవ్వ! ఇంతసేపూ వెనక సీట్లో పడుకుని నిద్రపోయిందన్నమాట. అప్పుడే ఫోను మోగింది. మా ఆవిడ.

"ఏమయ్యా, నా ఫోనుకు ఏదో మెసేజి వచ్చింటే పక్కింటి టీచరమ్మ చదివి చెప్పింది. రెండు లక్షల పదివేలు నా ఖాతాలో పడిందంట. నిన్ననే!"

ఆవిడ ఫోను ఎప్పుడూ బొరుగుల డబ్బాలో ఉంటుంది. మెసేజి మోత బొరుగులకే వినిపించింది. ఇద్దరి బ్యాంకు పుస్తకాలూ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. నేను గంభీరంగా చదివింది ఆవిడ పుస్తకం. కుప్పం ఆయన గంటసేపు నా మొహం ముందు పట్టుకున్న ఫోనులో ఉన్నది ఆవిడ పేరు. అలా పట్టుకునే ఛార్జింగంతా అయిపోయిందట పాపం, దారిలోనే ఫోను చచ్చిందట. రూపాయి పంపించుకుని ఉంటే రూపాయితో పోయేది. ఇప్పుడు నేను డబ్బు ముట్టిన కారును, పూజ చేసిన కారును, అందులో ఒక పెద్దావిడతో సహా ఎత్తుకొచ్చిన దొంగను. జైల్లో సంగటి పెడతారా లేదా అని కూడా ఆలోచించాను.

"బ్రేకులు..." అన్నాను అద్దంలోకి చూస్తూ. "బ్రేకులు సరిగా పడతాండాయా లేదా అని సూసిపోదామని వచ్చినా అవ్వా."

అవ్వ నా మాట వినలేదు, నా చేతికేసి చూస్తోంది. తాళంచెవికున్న నల్లదారం చూస్తోంది. రైలు పోయింది, గేటు లేచింది, వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. అప్పుడంది: "మేమూ ఆవులు అమ్మినోళ్లమే నాయనా. బండి తిప్పు."

తిప్పాను. ఇంటికి కాస్త ఇవతల ఆపమంది. అల్లుడింకా ఇంట్లో స్నానం చేస్తున్నట్టున్నాడు, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. అవ్వ చెయ్యి చాపింది. తాళంచెవి ఇచ్చాను. మెల్లిగా, ముడి మీద ముడి విప్పి, నల్లదారం నా అరచేతిలో పెట్టింది. "తాడు నీది, తీసకపో. బీగంచెవి మాది. బ్రేకులు బాగుండాయని అల్లునికి నేను చెప్తాలే." నేను దిగి రెండడుగులు వేశాక వెనకనుంచి మళ్లీ పిలిచింది. "నలభై అంటి గానీ నాయనా, ఎండలో సూస్తే అరవై దాటినట్టే ఉండావు. జాగ్రత్తగా పో."

పుంగనూరులో బామ్మర్దికి మాత్రం, కుప్పం దాకా వెళ్లి దొంగ పీక పట్టుకుని డబ్బు కక్కించానని చెప్పాను. ఇది చదివితే అతనికి ఇప్పుడే తెలుస్తుంది. ఆ రోజు తీసుకోని టీ డబ్బులు వడ్డీతో అడుగుతాడు.

డబ్బు ఆవిడ ఖాతాలో పడింది గనక నా చేతికి రాలేదు. రాకపోవడమే మంచిదైంది. వచ్చి ఉంటే సగం ఏదో ఒక తెలివైన పనిలో పెట్టేవాణ్ణి. వారంలో నాలుగు గాజులూ ఆవిడ చేతికొచ్చాయి, పాతవాటికంటే కాస్త సన్నగా. ఇప్పుడు ఎక్కడికి పోయినా బస్సే. కిటికీ పక్క ఆవిడ, పక్కన నేను. బస్సు గుంతలో పడినప్పుడల్లా గాజులు గలగలమంటాయి. "ముందర నా గాజుల్లో నువ్వు కూర్చోని పోతాంటివి, ఇప్పుడు నా గాజులు నీ పక్కన కూర్చోని వస్తాండాయి" అంటుంది.

నల్లదారం మా తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా కుప్పం వీధిలో పూలదండ వేసిన కారులోకి దొంగలా దూరుతున్న ఆ అరవై మూడేళ్ల కుర్రాడు కనిపిస్తాడు. పిలిచి, ముందు ఒక్క రూపాయి పంపించుకో నాయనా, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. "నాకు తెలుసులే" అంటాడు.