చివరి వరుసకు వినపడాలి

మా నాటకాల టీచరమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని మంగళవారం ఉదయం చర్చి గ్రూపులో మెసేజ్ వచ్చింది. కడుగుతున్న బియ్యం వదిలేసి, తడి చేతులతోనే ఆ మెసేజ్ మళ్లీ చదివాను.

మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. ఇంగ్లీషు చెప్పి రిటైరైన జర్మన్ ఆవిడ. మా వారికి జర్మనీలో బ్లూకార్డు వీసాతో ఉద్యోగం వచ్చి మేము ఈ కాట్‌బస్‌లో దిగిన ఏడాది, ఇక్కడ చదువుకునే మన పిల్లలను పోగుచేసి, వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు క్రిస్మస్ నాటకం చర్చి హాల్లో వేయించారు. అప్పట్లో అలాంటి నాటకాలను నటులు కాదు, రొట్టెలు కాల్చేవాళ్లూ వడ్రంగులూ వేసేవారట. "అందుకే నువ్వు కావాలి" అంటూ, హేరోదు రాజు సైనికులు చంపబోయే పసివాడి తల్లి వేషం నాకిచ్చారు.

నాకు గొంతెత్తడం రాదు. ప్రార్థన కూడా పెదవుల మీదే చేసుకుంటాను. రిహార్సల్లో సైనికుడి వేషం వేసిన వరంగల్ అబ్బాయి "సారీ ఆంటీ" అంటూ చేయి చాపితే, పసివాడి బొమ్మను రెండు చేతులా అందించేశాను. అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు.

"బిడ్డను అడిగితే ఇచ్చేస్తావా?"

ప్రతి రిహార్సల్‌కూ తన కుర్చీని ఒక వరుస వెనక్కి జరుపుకుని, చెవి వెనక అరచెయ్యి పెట్టుకునేవారు. "వినపడలేదు." అదొక్కటే మాట. ప్రదర్శన నాటికి కుర్చీ తలుపు దాకా వెళ్లింది. అప్పటికే ఆమెకు జబ్బు ముదిరింది. అదే ఆమె ఆఖరి నాటకమని మాకు తెలుసు. నా వల్ల పాడవుతుందేమోనని మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

స్టేజి ఎక్కేముందు నా చేయి పట్టుకున్నారు. "ఆ పాత ఇంగ్లీషు ఇక్కడెవరికీ అర్థం కాదు. నీ భాషలోనే అరిచెయ్."

కత్తి దూసి అబ్బాయి వచ్చాడు. బొమ్మ కాలు పట్టి లాగాడు.

"ముట్టుకున్నావంటే చూడు! నా బిడ్డరా!"

ఆ గొంతు నాదంటే నేనే నమ్మలేకపోయాను. అబ్బాయి రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి లాగాడు. నా వేళ్లు విడివడడం లేదు. 

"ఇడిసిపెట్టుండ్రి ఆంటీ... నాటకం ముందుకు పోవాలె" అని గుసగుసగా బతిమాలాడు.

తలెత్తి చూశాను. తలుపు దగ్గర టీచరమ్మ చెవి వెనకున్న చేతిని మెల్లగా దించి ఒళ్లో పెట్టుకున్నారు. అప్పుడు వదిలాను.

అదే చర్చి హాల్లో జరిగిన ఆమె భూస్థాపన కూడికలో నన్ను బైబిలు వాక్యం చదవమన్నారు, తెలుగులోనే. మైకు తెస్తుంటే వద్దన్నాను. చివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దాని వీపుకు ఆమె బూడిదరంగు శాలువా వేసి ఉంది. అక్కడిదాకా వినపడేలా చదివాను. తలుపు సందులోంచి గాలి వచ్చినప్పుడల్లా శాలువా అంచు కొద్దిగా కదులుతోంది.